పెరట్లో పాత తెరచాప పడవ: ఫైబర్ చుట్టించే ముందు తిరగేసి చూడండి

ప్రశ్న: మాది హనుమకొండ. మా చిన్నాయన మిలిట్రీలో పనిచేసి సికింద్రాబాద్‌లో రిటైరయ్యారు. అప్పట్లో ఆయన వేలంలో కొన్న చిన్న తెరచాప పడవ మా పెరట్లో రేకుల షెడ్డు కింద ఏళ్ల తరబడి పడి ఉంది. ప్లైవుడ్‌తో చేసింది. టేపుతో కొలిస్తే 13 అడుగుల మీద కొంచెం వచ్చింది. అడుగు గుండ్రంగా ఉండదు, రెండు పక్కలా రెండేసి మడతలు ఉంటాయి. తెరచాపలు నీలం రంగువి, ఒకదాన్ని ఎలుకలు కొరికాయి. చిన్నాయన పోయిన ఏడాది కాలం చేశారు. మా బాపు దాన్ని పాత సామాన్లవాళ్లకు ఇచ్చేయమంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. తెలిసిన ఫైబర్ పని అతను పడవ మొత్తానికి రెండు పొరలు చుట్టేస్తే చుక్క నీరు రాదు, మూడు రోజుల పని అంటున్నాడు. చేయించమంటారా? ఇంట్లో నేనే చేసుకోవచ్చా? బాగైతే ధర్మసాగర్‌లోనో రామప్ప చెరువులోనో నడిపి పిల్లలకు నేర్పాలని ఉంది. నాకు ఈత వచ్చు, తెరచాప నడపడం రాదు.
- ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం:

ముందు ఆ ఫైబర్ అతనికి ఫోన్ చేసి ఇప్పుడే రావద్దని చెప్పండి. తర్వాత మిగతా సంగతులు మాట్లాడుకుందాం.

ఆయన మోసం చేస్తున్నాడని కాదు. ట్యాంకులు, తలుపులు, బొమ్మలు చేసేవాళ్లకు తెలిసిన పద్ధతి అదే. కానీ వాళ్లు వాడేది పాలిస్టర్ రెజిన్. అది ఫైబర్‌కు బాగా పట్టుకుంటుంది, కర్రకు అంతంతమాత్రంగానే పట్టుకుంటుంది. కర్ర వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. పైనున్న గట్టి పెంకు దానితోపాటు కదలదు. ఏడాదో రెండేళ్లో గడిచాక అంచుల దగ్గర వదులుతుంది. ఆ సందులోంచి లోపలికి పోయిన నీరు ఇక ఆరదు. పైకి పడవ కొత్తదిలా మెరుస్తూనే ఉంటుంది, లోపల ప్లైవుడ్ పుచ్చిపోతుంటుంది. నడి చెరువులో కాలు అడుగు పలకలోంచి దిగబడే దాకా మీకు తెలియదు.

బరువు సంగతి కూడా చూడండి. బయటి వైపు మొత్తం సుమారు ఏడు చదరపు మీటర్లు అనుకుందాం. మామూలుగా వాడే 450 గ్రాముల మ్యాట్ (చదరపు మీటరుకు అంత బరువుండే గాజు పోగుల పరుపు) ఒక పొర వేస్తే రెజిన్‌తో కలిపి చదరపు మీటరుకు కిలోన్నర వరకు అవుతుంది. రెండు పొరలకు ఇరవై కిలోలు దాటుతుంది. పడవ అసలు బరువే వంద కిలోల లోపు. అంత బరువు పెరిగాక అది నీళ్లలో మందంగా కదులుతుంది, గట్టు మీదికి లాగడానికి ఇంకో మనిషి కావాలి.

వంద కిలోల లోపు అని ఎలా చెప్పానంటే, మీరు రాసిన గుర్తులన్నీ ఒకే రకం పడవ వైపు చూపిస్తున్నాయి. ప్లైవుడ్, 13 అడుగుల పైచిలుకు, పక్కకు రెండేసి మడతలు, నీలం తెరచాపలు. ఇది చాలావరకు ఎంటర్‌ప్రైజ్ అయి ఉండాలి. జాక్ హోల్ట్ అనే ఇంగ్లీషాయన 1956లో దీన్ని గీశాడు. ఇళ్లలో మామూలు పనిముట్లతో చేసుకోగలిగే ప్లైవుడ్ పడవలు గీయడంలో ఆయనది పెద్ద చెయ్యి. పొడవు 4.04 మీటర్లు, ఇద్దరు మనుషులు, రెండు తెరచాపలు. కొత్తగా ఉన్నప్పుడు ఒట్టి పడవ బరువు 94 కిలోలు. మన దేశంలో క్లబ్బుల్లో, మిలిట్రీ సెయిలింగ్ కేంద్రాల్లో ఈ రకం బాగా నడిచింది. హుస్సేన్ సాగర్ ఒడ్డునే ఈఎంఈ (సైన్యంలో యంత్రాల మరమ్మతులు చూసే విభాగం) వాళ్ల సెయిలింగ్ కేంద్రం ఉంది కాబట్టి సికింద్రాబాద్‌లో రిటైరైన మనిషి చేతికి ఇది రావడంలో వింతేమీ లేదు. తెరచాప మీద పెద్ద 'ఈ' అక్షరం, దాని కింద ఒక నంబరు ఉన్నాయేమో చూడండి. పడవ లోపల కర్ర మీద కూడా నంబరు చెక్కి ఉండొచ్చు. రంగు గీకేముందే దాన్ని వెతికి ఫొటో తీసి పెట్టుకోండి. పడవ ఏదో రూఢి అయితే తెరచాప కొలతలు, తాళ్ల అమరిక, ఏ కర్ర ఎక్కడుండాలి అన్నవి ఊహించుకోవాల్సిన పని ఉండదు. ఇంగ్లండ్‌లో దీన్ని ఇంకా పందేల్లో నడుపుతున్నారు.

ఇక పడవను బయటికి తీయండి. నలుగురు మనుషులు, నాలుగు పాత టైర్లు చాలు. టైర్ల మీద బోర్లా పెట్టి దుమ్ము దులిపి, తడిగుడ్డతో తుడవండి. సర్వీసింగ్ సెంటర్ల ప్రెషర్ పంపు జోలికి పోవద్దు, విడిపోయిన పొరల్లోకి అదే నీళ్లు కొడుతుంది. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తడుతూ పోండి. బాగున్న ప్లైవుడ్ టక్ టక్‌మని పలుకుతుంది, పొరలు విడిపోయిన చోట మొద్దుగా మోగుతుంది. అలాంటి చోటల్లా చాక్‌పీసుతో గీత గీయండి. అనుమానంగా ఉన్న చోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి, మెత్తగా దిగబడితే అది పోయినట్టే.

అన్నిటికంటే ఎక్కువ సేపు చూడాల్సింది సెంటర్‌బోర్డు పెట్టె. పడవ మధ్యలో, నీళ్లలోకి దించే పలక కోసం నిలువుగా ఉండే సన్నటి పెట్టె అది. తెరచాప మీద గాలి తోసినప్పుడు పడవ పక్కకు కొట్టుకుపోకుండా ఆపేది ఆ పలకే. ఆ బలమంతా పెట్టె మొదట్లో పడుతుంది. పాత ప్లైవుడ్ పడవలకు నీరు కారడం సాధారణంగా అక్కడే మొదలవుతుంది. ఇద్దరు పట్టుకుని పెట్టెను పక్కలకు ఊపండి. మొదట్లో సన్నటి గీత విచ్చుకుంటే అక్కడ జిగురు పోయింది. దాని తర్వాత వెనక పలక కింది మూలలు, కొయ్య (తెరచాప కట్టే నిలువు స్తంభం) నిలబడే గుంట, ముందు వైపు గాలి అరల (పడవ తేలడానికి గాలి ఉంచి మూసిన గదుల) లోపల చూడండి. గాలి అరల్లోకి మూతలోంచి ఫోన్ దూర్చి ఫ్లాష్ వేసి వీడియో తీస్తే సరిపోతుంది. పెరట్లో నేలకు ఆనిన వైపు చెదలు పట్టి ఉండొచ్చు, అది మన ఊళ్ల రోగం. సన్నటి మట్టి గీతలు కనిపిస్తే లోపల తొలిచేసి ఉంటాయి.

ఇదంతా చూశాక ఒక్క ప్రశ్నకు జవాబు దొరకాలి. అడుగున పొడవునా ఉండే వెన్నుకర్ర గట్టిగా ఉందా? ఉంటే ప్లైవుడ్‌లో నాలుగైదు చోట్ల పాడైనా పడవ బాగవుతుంది, మీరే చేసుకోవచ్చు. వెన్నుకర్ర సగం దాకా పుచ్చిపోతే మాత్రం మీ బాపు చెప్పిందే నిజం. అప్పుడు లోహపు సామాన్లు, కొయ్య, చుక్కాని దాచుకుని మిగతాది వదిలేయండి. ఆ సామాన్లకు విలువ ఉంది.

ఈ మధ్యలో చేపలు పట్టేవాళ్లెవరైనా వచ్చి 'వారం రోజులు చెరువులో ముంచి పెట్టండి సార్, కర్ర ఉబ్బి సందులన్నీ అవే మూసుకుంటాయి' అంటారు. నాటు పడవ విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. పలకలు పేర్చి కట్టిన పడవ నీరు తాగి బిగుసుకుంటుంది. ప్లైవుడ్ పడవకు అది పనికిరాదు. నాని పొరలు విడిపోవడం తప్ప ఏమీ జరగదు.

పాడైన చోట ఏం చేయాలంటే, కోసి తీసేయాలి. మెత్తబడిన ప్లైవుడ్ మీద ఏ జిగురు పోసినా, ఏ ఫైబర్ వేసినా నిలవదు. గట్టి కర్ర కనిపించే దాకా కోసి, ఆ సందు చుట్టూ అంచును ఏటవాలుగా చిత్రిక పట్టండి. కొత్త ముక్కకూ అంతే వాలు రావాలి. వాలు పొడవు ప్లైవుడ్ మందానికి ఎనిమిది రెట్లు ఉండాలని లెక్క, అంటే ఆరు మిల్లీమీటర్ల ప్లైకి దాదాపు ఐదు సెంటీమీటర్లు. అలా అతికితే అతుకు దగ్గర పలక ఒకేలా వంగుతుంది, ఎత్తుపల్లాలు రావు. చేతిలో రందా ఆడే వడ్రంగి ఒక పూట వస్తే మీకు చూపించగలడు. నేర్చుకున్నాక మిగతావి మీరే చేసుకోండి. మడత దగ్గర, వంపు ఎక్కువ ఉన్న చోట మాత్రం ఆయన్నే ఉండమనండి.

ప్లైవుడ్ కొనేటప్పుడు జాగ్రత్త. 'మెరైన్' అని నోటితో చెప్పేవన్నీ మెరైన్ కాదు. షీటు మీద ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు భారత ప్రమాణం) అని ముద్ర ఉండాలి. ఐఎస్ 303 ముద్ర ఉన్నది ఇంటి అలమరాలకు, పడవకు కాదు. ముద్ర ఉన్నా నాకు నమ్మకం తక్కువ. ఒక చిన్న ముక్క కోసి పాత గిన్నెలో రోజంతా ఉడకబెట్టి, ఆరబెట్టి, మళ్లీ ఉడకబెట్టండి. పొరలు విచ్చుకుంటే షాపతనికి తిరిగి ఇచ్చేయండి. ఐఎస్ 710లో ఉడకబెట్టే పరీక్ష 72 గంటలు ఉంటుంది కాబట్టి మీది అందులో చిన్న భాగమే. పాత పలక మందం కొలిచి అంతే మందం తెచ్చుకోండి, 'ఇంకో రెండు మిల్లీమీటర్లు ఎక్కువుంటే గట్టిగా ఉంటుంది' అన్న మాట వినొద్దు. మందం పెరిగితే వంపు తిరగదు.

కర్ర ముక్కలకు మన దగ్గర టేకుకు కొదవలేదు. టింబర్ డిపోలో బిల్లుతో కొనండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అది జిగురును పట్టనివ్వదు. అతికించే ముందు అసిటోన్‌తో తుడిచి, ఆరీ ఆరగానే జిగురు పూయాలి. నిర్మల్ బొమ్మలు చేసే పొణికి కర్ర తేలిగ్గా ఉంటుంది కదా అని ఒకాయన నన్ను అడిగాడు. బొమ్మకు అది బంగారం, పడవకు వద్దు. మేకులు, ఇనుప స్క్రూలు వాడొద్దు, స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ఇత్తడివే వేయండి. పాత స్క్రూ చుట్టూ కర్ర నల్లబడి ఉంటే అక్కడి స్క్రూ ఇనుముదని అర్థం, అవన్నీ మార్చాలి.

జిగురు మాత్రం ఎపాక్సీయే. అరాల్డైట్ చిన్న డబ్బాలు చిన్న అతుకులకు సరిపోతాయి. ఇంత పెద్ద పనికి హైదరాబాద్‌లో రెజిన్ డీలర్ల దగ్గర కిలోల లెక్కన దొరికే పల్చటి ఎపాక్సీ, దానికి తగ్గ హార్డెనర్ తెచ్చుకోవడం నయం. ఇక్కడ ఫైబర్ పనివాళ్ల అలవాటు ఒకటి మిమ్మల్ని దెబ్బతీయొచ్చు. పాలిస్టర్‌లో గట్టిపడే మందు కొంచెం ఎక్కువ పోస్తే తొందరగా గట్టిపడుతుంది. ఎపాక్సీకి అలా కుదరదు. డబ్బా మీద రాసిన పాళ్లు తప్పితే అది ఎన్నాళ్లైనా జిగటగానే ఉంటుంది, మొత్తం గీకేయాల్సిందే. చిన్న డిజిటల్ కాటా కొనుక్కుని బరువు తూచి కలపండి, రెండు మూడు నిమిషాలు అడుగు తగిలేలా కలపండి. ముందు పల్చటి ఎపాక్సీ ఒకసారి పూసి కర్రను తాగనివ్వండి. తర్వాత దాంట్లోనే జల్లించిన సన్నటి రంపపు పొట్టు కలిపి చట్నీలా చిక్కగా చేసి అతుక్కి పెట్టండి. సెంటర్‌బోర్డు పెట్టె మొదట్లో మూలన ఇదే ముద్ద పెట్టి చెంచా వెనకవైపుతో నున్నగా లాగి, దాని మీద నేసిన గ్లాస్ క్లాత్ పట్టీ ఎపాక్సీతో వేస్తే ఆ చోటు కొత్తదానికంటే గట్టిగా ఉంటుంది. ఫైబర్ వాడాల్సింది ఇలా మూలల్లో, అతుకుల మీద, అదీ ఎపాక్సీతోనే.

ఎండ విషయం మరిచిపోవద్దు. వేడి పది డిగ్రీలు పెరిగితే ఎపాక్సీ చేతిలో ఉండే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. ఓరుగల్లు మే నెలలో మధ్యాహ్నం డబ్బాలో కలిపి పెడితే పొగలు కక్కి అక్కడే రాయిలా మారుతుంది. కలిపింది వెంటనే వెడల్పాటి ట్రేలో పోసుకోండి, కొంచెం కొంచెం కలుపుకోండి. వానల్లో కర్ర తేమగా ఉంటుంది, అప్పుడూ వద్దు. కార్తీకం నుంచి శివరాత్రి దాకా మనకు దీనికి సరైన కాలం. గట్టిపడ్డ ఎపాక్సీ మీద మైనంలాంటి పొర తేలుతుంది. గిన్నెలు తోమే స్క్రబ్బర్‌తో నీళ్లు పోసి రుద్ది తీసేశాకే ఎమరీ పేపర్ పట్టండి, లేకపోతే రంగు నిలవదు. పాత రంగు గీకేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, పిల్లల్ని అటు రానివ్వొద్దు.

రంగు కార్ల షెడ్డువాళ్లతో వేయించుకోవచ్చు. రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూ (పాలీయూరిథేన్) పెయింట్ నీళ్లలోంచి తీసి గట్టు మీద ఆరబెట్టే పడవకు బాగా పనికొస్తుంది. కానీ వాళ్లు సొట్టలకు పెట్టే పుట్టీ నీటిని పీలుస్తుంది, అడుగుభాగం మీద పెట్టనివ్వకండి. నింపాల్సిన గుంటలన్నీ మీరే ఎపాక్సీతో నింపి ఇవ్వండి. లోపలంతా కర్ర రంగు కనబడేలా ఉంచాలనుకుంటే ఎపాక్సీ మీద ఎండకు తట్టుకునే వార్నిష్ వేయాలి. ఒట్టి ఎపాక్సీని ఎండలో వదిలేస్తే సుద్దలా పొడి రాలుతుంది.

రంగుకంటే ముందు గాలి అరలు. పడవ బోల్తా పడినప్పుడు మునిగిపోకుండా పట్టుకునేవి అవే. బోల్తా పడడం తెరచాప పడవల్లో పెద్ద వింత కాదు, నేర్చుకునేవాళ్లు రోజూ పడతారు. కాబట్టి అరలు గాలి చొరబడనంత గట్టిగా ఉండాలి. మూతలు బిగించి, గొట్టంతో నోటితో మెల్లగా ఊది, అతుకుల మీద సబ్బు నురగ పూయండి. బుడగలు వచ్చిన చోట లీకు ఉంది. టైర్ల షాపు కంప్రెసర్ పెట్టొద్దు, ప్లైవుడ్ విచ్చుకుంటుంది. అలాగే లీకు చూడడానికి పడవ నిండా నీళ్లు పోయకండి. పది సెంటీమీటర్ల నీరే నాలుగైదు వందల కిలోల బరువు. నీళ్లలో కాకుండా టైర్ల మీద ఆనించిన పడవ అంత మోయదు. రెండు బకెట్లు పోసి అటూ ఇటూ వంచి చూస్తే చాలు.

తెరచాప విషయంలో నా సలహా, డబ్బు ఇప్పుడే పెట్టకండి. పాత గుడ్డను రెండు చేతులతో పట్టి లాగండి, చిరిగిపోతే ఎండకు చచ్చిపోయింది. చిరగకపోతే తాటిపత్రీలు కుట్టే పెద్ద మిషన్ మీద పాలిస్టర్ దారంతో ఎలుకలు కొరికిన చోట అతుకు వేయించండి. చూడడానికి బాగోకపోయినా మొదటి ఏడాది నేర్చుకోవడానికి చాలు. అరిగిన తెరచాపను కూడా పారేయకండి, కొత్తది కుట్టించేటప్పుడు కొలతకు అదే ఆధారం. ఇస్త్రీ, వాషింగ్ మిషన్ వద్దు. కొయ్యను పట్టి ఉంచే స్టీలు తీగల మీద దూది రుద్దండి. దూది పోగులు చిక్కుకున్న చోట తీగ ఒక పోగు తెగి ఉంటుంది, ఆ తీగ మార్చాల్సిందే. కొయ్య అల్యూమినియందైతే స్టీలు రివిట్ల చుట్టూ తెల్లటి పొడి, బుడిపెలు ఉన్నాయేమో చూడండి.

ఇప్పుడు నడిపే సంగతి. నిజం చెప్పాలంటే పడవ బాగుచేయడంకంటే ఇదే కష్టం. ధర్మసాగర్ తాగునీటికి, దేవాదుల ఎత్తిపోతలకు వాడే రిజర్వాయర్. నీటి మట్టం పంపులను బట్టి మారుతుంటుంది. ఇరిగేషన్ వాళ్ల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోకుండా పడవ దించొద్దు. రామప్పకూ అంతే. పాకాల వైపు ఆలోచన పోతే అది అభయారణ్యం, అటవీశాఖతో మాట్లాడాలి. అధికారులకంటే ముందు ఆ చెరువు మత్స్య సహకార సంఘం పెద్దలను కలవండి. వలలు ఎక్కడ వేస్తారో, నీళ్ల కింద మొద్దులు ఎక్కడున్నాయో, గాలి ఏ పూట తిరుగుతుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మీ సెంటర్‌బోర్డు వాళ్ల వలను చింపితే ఊళ్లో మళ్లీ అడుగు పెట్టలేరు. వానాకాలం మత్తడి దూకుతున్నప్పుడు అటు వైపు, ఎప్పుడైనా సరే తూము దగ్గరికి పోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట మబ్బు పట్టి గాలిదుమారం లేస్తుంది, ఆ నెలల్లో పొద్దున మాత్రమే.

ఇంకో ప్రమాదం ఎవరూ చెప్పరు. ఈ పడవ కొయ్య ఒక అంతస్తు ఇంటికంటే ఎత్తుగా లేస్తుంది. మన చెరువు కట్టల మీద, పొలాల పక్కన మోటార్ల కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడుతాయో మీకు తెలిసిందే. కొయ్య నిలబెట్టే ముందు తల పైకెత్తి చూడండి. నిలబెట్టాక పడవను గట్టు మీద జరపకండి, నీళ్ల అంచున నిలబెట్టి అక్కడే దించండి. తీసుకుపోయేటప్పుడు టాటా ఏస్‌లో పడవ సగం వెనక్కి వేలాడుతుంది, డీసీఎం మాట్లాడి కింద గడ్డి మోపులు పరిచి పెట్టండి.

నడపడం రాదన్నారు. పిల్లలకు నేర్పడానికి ముందు మీరు నేర్చుకోవాలి, అదీ ఈ పడవ మీద కాదు. హుస్సేన్ సాగర్ మీద నేర్పే చోట్లున్నాయి, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పిల్లలకు కూడా శిక్షణ ఇస్తుంది. మీ పడవ పని జరిగే ఈ చలికాలంలోనే వారాంతాల్లో పోయి నేర్చుకోండి. ఇప్పుడు గాలి నెమ్మదిగా ఉంటుంది. జులైలో అక్కడ పందేలు జరిగేటప్పటి గాలి కొత్తవాళ్లకు కాదు. అక్కడికి పోతే ఎంటర్‌ప్రైజ్ నడిపిన పాత మిలిట్రీ వాళ్లు ఎవరైనా తగలొచ్చు, మీ చిన్నాయన తెలిసినవాళ్లే అయినా ఆశ్చర్యం లేదు. పడవ మొదటిసారి నీళ్లలో దించిన రోజు తెరచాప కట్టొద్దు. లైఫ్ జాకెట్లు వేసుకుని, గట్టుకు పొడవాటి తాడు కట్టి, తెడ్లతో తిప్పుతూ ఒక గంట చూడండి. తర్వాత మోకాలి లోతు నీళ్లలో కావాలనే బోల్తా కొట్టించి, మళ్లీ లేపడం సాధన చేయండి. గాలి అరలు పనిచేస్తున్నాయో లేదో అప్పుడు తెలుస్తుంది.

బాపుకు ప్రస్తుతానికి ఇలా చెప్పండి: అమ్మాలన్నా సరే, ముందు తిరగేసి చూస్తే గానీ దాని విలువ తెలియదని. చాక్‌పీసు గీతలు గీశాక అడుగు మొత్తం ఒక ఫొటో, సెంటర్‌బోర్డు పెట్టె మొదలు దగ్గర్నుంచి రెండు ఫొటోలు, వెనక పలక మూలలవి ఒక్కొక్కటి తీసి పంపండి. ఎక్కడ కోయాలో, ఎక్కడ వదిలేయాలో అవి చూసి రాస్తాను. అప్పటిదాకా ప్లైవుడ్ గానీ రెజిన్ గానీ కొనకండి.